ఎగుమతుల ఇన్‌బాక్సులో మెయిల్స్ ఎటు పోతున్నాయి: గుంటూరు ఆఫీసు డైరీ

సోమవారం

బాబాయ్‌ది గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసు. మెయిల్ సొంత డొమైన్‌ మీద, షేర్డ్ హోస్టింగ్‌లో (చాలామందికి కలిపి అద్దెకిచ్చే సర్వర్‌లో), సీప్యానెల్‌తో (దాన్ని నడిపే సెట్టింగ్స్ పేజీతో) నడుస్తుంది. ఎగుమతుల కోసం ఒకే మెయిల్‌బాక్సు పెట్టుకున్నారు. దాన్నే బాబాయ్ ఫోన్‌లో చూస్తాడు, అకౌంటెంట్ గారు లాప్‌టాప్‌లో చూస్తారు, డాక్యుమెంట్లు చూసే అమ్మాయి లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ చూస్తుంది. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఫిర్యాదు ఏమిటంటే, వచ్చిన మెయిల్ కాసేపటికి ఉండదు. పొద్దున ఇంట్లో కాఫీ తాగుతూ ఫోన్‌లో చదివిన ఆర్డరు, ఆఫీసుకొచ్చి లాప్‌టాప్ తెరిచేసరికి మాయం. మళ్లీ ఫోన్ తీసి చూస్తే అక్కడా లేదు. పోయిన వారం షిప్పింగ్ ఏజెంటు పంపిన బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రవాణా పత్రం) డ్రాఫ్టు ఇలాగే పోయింది. గడువులోగా సరిచూసి చెప్పనందుకు సవరణ ఛార్జీ కట్టాల్సి వచ్చింది. అప్పుడు గానీ నాకు కబురు రాలేదు.

"ఎవడో హ్యాక్ చేశాడ్రా. ముందు పాస్‌వర్డ్ మార్చి పారెయ్" అన్నాడు బాబాయ్.

ఆగమన్నాను. పాస్‌వర్డ్ మారిస్తే మెయిల్స్ పోవడం ఆగొచ్చు, కానీ తీసేది ఎవరో, తీసినవి ఎక్కడున్నాయో తెలిసే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది. పోయిన మెయిల్స్ మనకు కావాలి కదా. అలాగని నిజంగా దొంగే ఉంటే చూస్తూ కూర్చోవడమూ తప్పే. అందుకే ముందు దొంగ జాడల కోసం వెతికాను, ఒక్కటి కనబడినా ఆ క్షణమే పాస్‌వర్డ్ మార్చేద్దామన్న ఒప్పందంతో.

ఎగుమతి వ్యాపారంలో ఈ భయం ఉత్తదేం కాదు. మెయిల్‌బాక్సులో దూరినవాడు సాధారణంగా గోల చేయడు. ఒక ఫిల్టరు రాసిపెడతాడు. బయ్యర్ నుంచి వచ్చేవి ఎవరూ తెరవని ఫోల్డరులోకి జారుకునేలా, తనకొక కాపీ చేరేలా చూసుకుంటాడు. సరుకు ఓడెక్కి డబ్బు రావాల్సిన సమయానికి "మా బ్యాంకు ఖాతా మారింది" అంటూ మన ఇన్వాయిస్ లాంటిదే ఇంకొకటి పంపుతాడు. అసలు మెయిల్ మనకు కనపడదు, నకిలీది వాళ్లకు అనుమానం తెప్పించదు. అలా డబ్బు పోతే చేయాల్సింది వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, బ్యాంకుకు ఫోన్. ఈ నంబరు ఆఫీసు గోడ మీద రాయించాను. ఖాతా వివరాలు మెయిల్‌లో మార్చం, ఫోన్‌లో గొంతు విని నిర్ధారించుకోండి అని బయ్యర్లందరికీ ఆ అమ్మాయితో చెప్పించాను.

చూసినవి: ఫార్వార్డర్లు, ఆ మెయిల్‌బాక్సు ఫిల్టర్లు, మొత్తం ఖాతాకు వర్తించే గ్లోబల్ ఫిల్టర్లు (చాలామంది ఈ రెండో పేజీ తెరవరు), ఆటో రిప్లైలు, రౌండ్‌క్యూబ్‌లో (బ్రౌజర్‌లో మెయిల్ చూసే పేజీ) రిప్లై-టు చిరునామా, అంటే జవాబులు వెళ్లే చిరునామా. ఒక్క పాత ఫిల్టరు దొరికింది, సబ్జెక్టులో లాటరీ అని ఉంటే పారేయమని. అది నేనే ఎప్పుడో రాసిచ్చింది. దొంగ జాడ లేదు.

వెళ్లేముందు ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవి: పోయినప్పుడు అన్నిచోట్లా ఒకేసారి పోతుంది. ట్రాష్‌లో ఉండదు, జంక్‌లో ఉండదు. ఆదివారం ఎప్పుడూ పోలేదు. కొన్ని రోజులు అసలేమీ పోదు. ఇంకొకటి, దీన్ని ఆ అమ్మాయి తనంతట తనే చెప్పింది: "బయ్యర్ పేరు మీద ఫోల్డర్లు చేసి అందులో పెట్టినవి ఒక్కటీ పోలేదు సార్. ఇన్‌బాక్సులో వదిలేసినవే పోతున్నాయి."

ఈ ఆఖరి మాట కింద రెండు గీతలు గీసుకున్నాను.

మంగళవారం

తేలిగ్గా తేలే కారణాలన్నీ ఇవాళ తీసి పక్కన పెట్టాను. మెయిల్ మాయమైంది అని జనం చెప్పేవాటిలో సగానికి సగం నిజానికి మాయమైనవి కావు, కళ్లకు కనపడనివి.

అకౌంటెంట్ గారి లాప్‌టాప్‌లోని మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్‌లో పైన చిన్న ఫిల్టరు పట్టీ ఉంది, అందులో చదవనివి మాత్రమే చూపు అన్న గుర్తు నొక్కి ఉంది, పక్కనున్న పిన్ను కూడా నొక్కి ఉంది. దాంతో చదివి ఇంకో ఫోల్డరుకు వెళ్లి వచ్చేసరికి ఆ మెయిల్ జాబితాలో ఉండదు. ఆయన చెప్పిన మాయాల్లో కొన్ని ఇవే. పిన్ను తీశాను. "అయితే నాకేం పోలేదా?" అన్నారు కాస్త నిరాశగా. పోయినవీ ఉన్నాయి, కంగారు పడకండి అన్నాను.

బాబాయ్ ఫోన్‌లో వేరే కథ. మెయిల్ మీద వేలు పక్కకు జరిపితే ఆర్కైవ్ ఫోల్డరుకు పోతుంది. పెద్ద వేలు, చిన్న స్క్రీను. ఆర్కైవ్ తెరిస్తే అందులో బ్యాంకు అడ్వైజులు, ల్యాబ్ రిపోర్టు, ఎవరిదో పెళ్లి పిలుపు కూడా ఉన్నాయి. ఈ ల్యాబ్ రిపోర్టు కోసమే ఆ అమ్మాయి ల్యాబ్‌కు ఫోన్ మీద ఫోన్ చేసింది.

కానీ బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు అక్కడా లేదు. సీప్యానెల్‌లో ట్రాక్ డెలివరీ తెరిచి ఆ తేదీ చూశాను. మెయిల్ సర్వర్‌కు వచ్చింది, మెయిల్‌బాక్సులో పడింది, తేడా ఏమీ లేదు. అంటే పంపినవాళ్ల తప్పు కాదు, దారిలో పోలేదు, స్పామ్‌లోకి పోలేదు. ఇంట్లోకి వచ్చాక పోయింది.

అకౌంటెంట్ గారు ఇదే ఊపులో తన సొంత జీమెయిల్ కూడా చూడమన్నారు. అక్కడా ఏదో కనపడటం లేదట. జీమెయిల్‌లో ఇన్‌బాక్సు అనేది ఒక లేబుల్ మాత్రమే, ఆ లేబుల్ తీసేస్తే మెయిల్ ఆల్ మెయిల్‌లో అలాగే ఉంటుంది. వెతికే గడిలో ఇన్:ఎనీవేర్ అని ఇంగ్లిషులో కొట్టి పక్కన పంపినవారి పేరు రాస్తే స్పామ్, ట్రాష్‌తో సహా అన్నీ వెతుకుతుంది. ట్రాష్‌లో అయితే 30 రోజులే. సెట్టింగ్స్‌లో పాప్ (మెయిల్స్‌ని సర్వర్ నుంచి దించుకునే పద్ధతి) అన్నచోట, పాప్‌తో తీసుకున్నాక జీమెయిల్ కాపీని ఏం చేయాలో నాలుగు వికల్పాలుంటాయి: ఇన్‌బాక్సులో ఉంచు, చదివినట్టు గుర్తుపెట్టు, ఆర్కైవ్ చెయ్యి, డిలీట్ చెయ్యి. కంప్యూటర్‌లో పేజీ అడుగున కుడివైపు డీటెయిల్స్ నొక్కితే ఈమధ్య ఆ ఖాతాను ఏ రకంగా, ఎక్కణ్ణుంచి తెరిచారో కనపడుతుంది. ఆయనకు మ్యూట్ చేసిన సంభాషణ ఒకటి దొరికింది. మ్యూట్ చేస్తే దానికొచ్చే జవాబులు ఇన్‌బాక్సుకు రాకుండా తిన్నగా ఆర్కైవ్‌కే పోతాయి. అదీ సంగతి.

బుధవారం

షేర్డ్ హోస్టింగ్‌లో మెయిల్ లాగ్ మన చేతికి ఇవ్వరు. అడగాలి. సపోర్టుకు రాశాను. వచ్చిన జవాబు: బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి. ఫోన్‌లో పోయిన మెయిల్‌కు బ్రౌజర్ క్యాష్‌కు ఏమిటి సంబంధమని అడిగితే మళ్లీ రాశారు: మెయిల్స్‌ని మీ యూజరే తొలగించారు. సర్వర్ వైపు నుంచి చూస్తే ఇది అక్షరాలా నిజం. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినవాడు ఎవడైనా సర్వర్‌కు యూజరే. కానీ ఏ యూజరు?

లాగ్ ఇవ్వకపోతే మనమే రాసుకుందాం అనిపించింది. ఇక్కడ మెయిల్స్ మెయిల్‌డిర్ పద్ధతిలో ఉన్నాయి. డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ కోసం తెచ్చిన పద్ధతి ఇది. ఒక మెయిల్‌కు ఒక ఫైలు. టెంప్, న్యూ, కర్ అని మూడు డైరెక్టరీలు. ఏ ప్రోగ్రామూ ఇంకా చూడనివి న్యూలో, చూసినవి కర్‌లో. ఫైలు పేరులోనే చాలా సంగతులు ఉంటాయి. మొదట్లో కనపడే పెద్ద అంకె మెయిల్ వచ్చిన క్షణం, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. తర్వాత ఎస్ ఈక్వల్ టు అని సైజు. చివర కోలన్, 2, కామా తర్వాత అక్షరాలు: ఎస్ ఉంటే చదివారు, ఆర్ ఉంటే జవాబిచ్చారు, టీ ఉంటే తొలగించడానికి గుర్తుపెట్టారు.

ఈ డైరెక్టరీలు సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లోనే కనపడతాయి, మెయిల్ అన్న ఫోల్డరు కింద. చెప్పిన టైముకు చెప్పిన పని దానంతట అదే చేసే క్రాన్ జాబ్స్ కూడా మన చేతిలోనే ఉంది. ఐదు నిమిషాలకోసారి ఇన్‌బాక్సు, ట్రాష్, ఆర్కైవ్, జంక్, మిగతా అన్ని ఫోల్డర్లలోని ఫైళ్ల పేర్లు ఒక జాబితాగా రాసి, టైముతో సేవ్ చేసే రెండు లైన్ల స్క్రిప్టు పెట్టాను. పేర్లు మాత్రమే. మెయిల్‌లో ఏముందో జోలికి పోలేదు, పోనక్కర్లేదు. వరసగా రెండు జాబితాలను పోలిస్తే ఏ ఫైలు ఎప్పుడు పోయిందో, ఇంకో ఫోల్డరులో తేలిందో లేదో తెలుస్తుంది. ఫోల్డరు మారేటప్పుడు పేరు మారినా సైజు మారదు, దాంతో జత కలుపుకోవచ్చు.

ఇంకో ఖాతా నుంచి పరీక్ష మెయిల్స్ కూడా మొదలుపెట్టాను, సబ్జెక్టులో పంపిన టైము రాసి. వాటిని ఎవరూ తెరవొద్దు, ముట్టుకోవద్దు అని ఆఫీసులో గట్టిగా చెప్పాను.

గురువారం

పొద్దున్నే ఒక వేట పడింది.

సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోంది, మన టైముకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. జాబితాల ప్రకారం 4:15కి ఇన్‌బాక్సులో 7 ఫైళ్లున్నాయి, 4:20కి సున్నా. మన టైములో పొద్దున 9:45కి, 9:50కి మధ్య. ట్రాష్‌లో కొత్తది లేదు. ఆర్కైవ్‌లో లేదు. ఎక్కడా ఆ సైజు ఫైలు తేలలేదు. పోయినవాటిలో నా పరీక్ష మెయిల్స్ ఉన్నాయి, రాత్రి వచ్చిన ఒక ఆర్డరు కూడా ఉంది. ఆ ఆర్డరు పేరు చివర ఎస్ లేదు. అంటే ఎవరూ తెరవకముందే పోయింది.

(ఆర్డరును బయ్యర్ చేత మళ్లీ పంపించుకున్నాం. రావడంతోనే ఆ అమ్మాయి ఫోల్డరులో పెట్టేసింది.)

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాను. మనిషి పని అయితే చదవని ఆర్డరును, దాని పక్కనున్న పరీక్ష మెయిల్స్‌ని, నౌకరీ ప్రకటనను అన్నిటినీ తేడా లేకుండా ఒక్క ఊపులో తీసేయడు. ఇది యంత్రం పని. పేర్లలో టీ గుర్తు కూడా కనపడలేదు. ఐమ్యాప్ (మెయిల్స్‌ని సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) వాడే ప్రోగ్రాము దేన్నైనా తొలగిస్తే మామూలుగా ట్రాష్‌కు పంపుతుంది, లేదా టీ గుర్తు పెట్టి ఆ తర్వాత ఎక్స్‌పంజ్ అనే ఆదేశంతో తుడుస్తుంది. ఐదు నిమిషాల సందులో రెండూ జరిగిపోయి ఉండొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. క్రాన్‌ని ఒక నిమిషానికి తగ్గించాను.

ఇప్పుడు ఆ అమ్మాయి మాట అర్థమైంది. ఐమ్యాప్‌కు ఫోల్డర్లన్నీ తెలుసు. పాప్3కి (జీమెయిల్‌లో చూసిన పాప్ ఇదే) తెలియవు. దానికి తెలిసిన లోకం ఇన్‌బాక్సు ఒక్కటే. వచ్చి, ఉన్నవన్నీ దించుకుని, సర్వర్‌లో కాపీ ఉంచమని చెప్పకపోతే తుడిచేసి వెళ్లిపోవడమే దాని పని. గేటు దగ్గర పోస్టు డబ్బా తెరిచి ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుపోయినట్టు. బీరువాలో సర్దిపెట్టుకున్నవి దానికి అందవు. ఇంటర్నెట్ గంటల లెక్కన కొనుక్కునే కాలంలో, మెయిల్ స్పేస్ కొన్ని ఎంబీలే ఇచ్చే కాలంలో అది తెలివైన పద్ధతి. ఒక మనిషికి ఒక కంప్యూటర్ ఉంటే ఇప్పటికీ తప్పు కాదు. నలుగురు చూసే మెయిల్‌బాక్సుకు ఒక్క పాప్3 ప్రోగ్రాము తగిలిందంటే మిగతా ముగ్గురికీ ఖాళీ డబ్బా మిగులుతుంది.

మధ్యాహ్నం 2:40కి ఇంకోసారి తుడుచుకుపోయింది. ఈసారి ఒకే నిమిషంలో, ఎక్కడా తేలకుండా. రెండుసార్లు ఎందుకు? పాప్3 ప్రోగ్రాము పది నిమిషాలకోసారి చూసేదైతే రోజంతా పోతూనే ఉండాలి. ఇది రోజుకు ఒకసారి, ఇవాళ రెండుసార్లు. ఏదో ఎవరో తెరిచినప్పుడు మాత్రమే జరుగుతోంది.

సపోర్టుకు మళ్లీ రాశాను, ఈసారి నిమిషాలతో సహా: ఫలానా రెండు నిమిషాల్లో ఈ మెయిల్‌బాక్సుకు జరిగిన పాప్3 లాగిన్, లాగౌట్ లైన్లు కావాలి. ఇలా అడిగితే సపోర్టువాళ్లకు తప్పించుకునే సందు ఉండదు, వెతకడం కూడా తేలిక.

శుక్రవారం

లైన్లు వచ్చాయి. సర్వర్‌లో మెయిల్స్ అందించే ప్రోగ్రాము డవ్‌కాట్ నడుస్తోంది. పాప్3 సెషన్ ముగిసేటప్పుడు అది ఎన్ని దించుకున్నారో, ఎన్ని తుడిచారో ఒకే లైనులో రాస్తుంది. గురువారం పొద్దుటి లైనులో డెల్ అన్నచోట 7/7 అని ఉంది. ఏడింటికి ఏడూ. ఈ మాట కోసమే కదా ఇంత తిప్పలు.

పాత రోజులవి కూడా కొన్ని పంపారు, అడక్కుండానే (ఈసారి దొరికిన మనిషి పని తెలిసినవాడు). అందులో ఇంకో ముడి విడింది. కొన్ని రోజుల లైన్లలో డిస్‌కనెక్టెడ్, కనెక్షన్ క్లోజ్డ్ అని, డెల్ అన్నచోట సున్నా ఉంది. అవి ఏమీ పోని రోజులు. 1996లో వచ్చిన పాప్3 ప్రమాణం, ఆర్ఎఫ్‌సీ 1939, ఈ విషయంలో ఖచ్చితంగా ఉంటుంది. ప్రోగ్రాము డిలీట్ ఆదేశం ఇస్తే సర్వర్ గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది. చివర్లో క్విట్ అని చెప్పి మర్యాదగా సెలవు తీసుకుంటేనే నిజంగా తుడుస్తుంది. మధ్యలో లైను తెగితే ఒక్కటీ తుడవకూడదు. అంటే మన కనపడని మిత్రుడు బలహీనమైన నెట్ మీద ఉన్నాడు. చిన్న మెయిల్సే ఉన్న రోజు పని పూర్తిచేసుకుని అన్నీ పట్టుకుపోతాడు. ఎవరో పెద్ద పెద్ద ఫొటోలు, స్కాన్లు జతచేసి పంపిన రోజు మధ్యలో తెగి, పాపం, ఏమీ తీసుకుపోలేడు. ఒక్కో రోజు పోదు అన్నదానికి కారణం ఇది. ఇన్నాళ్లూ దీన్ని అదృష్టం ఖాతాలో రాశారు.

ఇంకో చిన్న జాడ. ఆఫీసువాళ్ల ఐమ్యాప్ లాగిన్ లైన్లన్నిటిలోనూ టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం) అని ఉంది. ఈ పాప్3 లైన్లలో ఆ మాట లేదు. అంటే 110 పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు) మీద, తాళం లేకుండా, పాస్‌వర్డ్ బాహాటంగా వెళ్తోంది. ఇప్పటి ఫోన్లు, ప్రోగ్రాములు ఖాతా పెట్టేటప్పుడు పాప్3కి 995, ఐమ్యాప్‌కు 993 వాటంతట అవే ఎంచుకుంటాయి. ఎప్పుడో పాతకాలంలో పెట్టిన సెట్టింగ్ ఇది.

ఐపీ చిరునామాతో ఇల్లు దొరుకుతుందనుకుంటే నిరాశే. అది ఒక మొబైల్ కంపెనీది. మొబైల్ డేటాలో ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు, పైగా మారుతూ ఉంటుంది. ఆఫీసులో ఫోన్లన్నీ ఆ కంపెనీ సిమ్‌లే. ఒక్కటి మాత్రం తేలింది, విదేశీ దొంగ అన్న భయం చాలావరకు తగ్గింది. అందరి ఫోన్లూ తీసి ఖాతా సెట్టింగ్స్ చూశాను. అన్నీ ఐమ్యాపే.

సాయంత్రం బాబాయ్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే, నిన్న లోడింగ్ ఎందుకు ఆలస్యమైందో చెబుతూ అన్నాడు: "గోడౌన్ దగ్గర కరెంటు పోయిందిరా. రెండున్నర దాటాక వచ్చింది. అప్పటిదాకా మిర్చి టిక్కీలు (బస్తాలు) కాటా ఎక్కలేదు."

రెండున్నర దాటాక. 2:40.

"బాబాయ్, గోడౌన్‌లో కంప్యూటర్ ఉందా?"

"కాటా దగ్గర పాతదొకటి ఉంది. మన ఆఫీసుదే. లాప్‌టాప్‌లు కొన్నప్పుడు అక్కడ పడేశాం. దానికి నెట్ ఎక్కడిదిరా?"

శనివారం

దానికి నెట్ ఉంది.

గోడౌన్‌లో సంక్రాంతి అయ్యాక సీసీ కెమెరాలు పెట్టించారట. కెమెరాల కోసం సిమ్ వేసిన చిన్న రూటర్ ఒకటి రేకుల కిందే బిగించారు. కెమెరా దృశ్యాలు కాటా దగ్గర స్క్రీన్‌లో కూడా కనపడితే బాగుంటుందని, పెట్టినతను రూటర్ నుంచి ఒక కేబుల్ తెచ్చి ఈ పాత కంప్యూటర్‌కు గుచ్చి వెళ్లాడు. అతని తప్పేమీ లేదు, అడిగిన పని చేశాడు. నెట్ లేక ఏళ్ల తరబడి ఊరికే కూర్చున్న పాత మెయిల్ ప్రోగ్రాముకు ఆ రోజు నుంచి దారి దొరికింది.

కాటా గుమస్తా గారు పెద్దాయన. పొద్దున తొమ్మిదిన్నర దాటాక వచ్చి మెషీన్ వేస్తారు, కాటా చీటీలు కొడతారు. ఆ కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాము స్టార్టప్‌లో ఉంది. మెషీన్ వేయగానే తెరుచుకుంటుంది, తెరుచుకోగానే ఒకసారి మెయిల్ తెచ్చుకుంటుంది, ఆ తర్వాత దానంతట అది చూడదు. కరెంటు పోయి వచ్చాక మళ్లీ వేస్తే మళ్లీ తెచ్చుకుంటుంది. ఆదివారం కాటా సెలవు.

"పొద్దున్నే కవరు బొమ్మ వస్తుంది బాబూ. నాకెందుకని కిందికి నొక్కేస్తాను. నేనేం ముట్టుకోలేదు" అన్నారు. ముట్టుకోకపోవడం వల్లే మనకు మేలు జరిగిందని చెప్పాను. అనవసరంగా కనపడుతున్నాయని ఆయన వాటిని డిలీట్ చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆఖరు.

నేను వెళ్లేసరికి మెషీన్ ఆన్‌లో ఉంది. మొదట చేసింది నెట్ కేబుల్ పీకడం. తర్వాతే మౌస్ ముట్టుకున్నాను. కిందికి నొక్కిన కిటికీ పైకి తెస్తే, ఉన్నాయి, వరసగా అన్నీ. బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు ఉంది. మాయమైన ఆర్డర్లు ఉన్నాయి. నా పరీక్ష మెయిల్స్ కూడా ముద్దుగా కూర్చున్నాయి. కొన్ని రెండేసిసార్లు దిగి ఉన్నాయి, లైను తెగిన రోజులవి. ఖాతా సెట్టింగ్స్‌లో సర్వర్‌లో కాపీ ఉంచు అన్న గడి ఖాళీగా ఉంది.

ఇక్కడే పాస్‌వర్డ్ సంగతి మళ్లీ గుర్తుచేసుకోవాలి. సోమవారమే మార్చి ఉంటే ఈ ప్రోగ్రాము రోజూ పాస్‌వర్డ్ తప్పు అని ఒక గడి చూపించేది, గుమస్తా గారు దాన్నీ కిందికి నొక్కేవారు. మెయిల్స్ పోవడం ఆగేది, సమస్య తీరిందని అందరం అనుకునేవాళ్లం. పోయినవి మాత్రం ఈ రేకుల కింద దుమ్ములో ఉండిపోయేవి.

మెయిల్ డేటా ఉన్న ఫోల్డరు మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ బయటి హార్డ్‌డిస్కులోకి తీశాను. ఈ వయసు డిస్కుల మీద నాకు నమ్మకం తక్కువ, కాపీ అయ్యేదాకా అది చేసిన చప్పుడు కూడా బాలేదు.

ఆదివారం

కాటా సెలవు కాబట్టి తీరిగ్గా తోడుకునే రోజు.

ఇంటర్నెట్ లేకుండానే ఆ ప్రోగ్రాము తెరిచి, మెయిల్స్‌ని ఎంచుకుని డెస్క్‌టాప్ మీది ఖాళీ ఫోల్డరులోకి లాగితే ఒక్కో మెయిల్ ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా వచ్చింది. అటాచ్‌మెంట్లు కూడా లోపలే ఉంటాయి. రెండేసి ఉన్నవాటిని మెసేజ్ ఐడీ చూసి ఏరేశాను. మెయిల్ హెడర్‌లో (పైన ఉండే సాంకేతిక వివరాల్లో) పంపిన సర్వరు లేదా ప్రోగ్రాము ఇచ్చే ఆ ఐడీ రెండిట్లోనూ ఒక్కటే అయితే అది ఒకే మెయిల్, సబ్జెక్టు చూసి ఏరడం ప్రమాదం. ఒకే సబ్జెక్టుతో బయ్యర్ సవరించిన ఆర్డరు పంపి ఉండొచ్చు, పంపారు కూడా.

తర్వాత నా లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్‌లో ఈ మెయిల్‌బాక్సును ఐమ్యాప్‌గా పెట్టి, సర్వర్‌లో గోడౌన్ మెయిల్స్ అని కొత్త ఫోల్డరు చేసి, ఫైళ్లను అందులోకి లాగాను. విడతలు విడతలుగా. ఒకేసారి అన్నీ లాగితే మధ్యలో ఆగినప్పుడు ఏది వెళ్లిందో ఏది లేదో తెలియదు. ఇన్‌బాక్సులో మాత్రం వేయలేదు, పాత మెయిల్స్ కొత్తవాటితో కలిసి అమ్మాయికి ఇంకో తలనొప్పి అవుతుంది.

ఇలా ఎక్కించినవి కొన్ని చోట్ల ఇవాళ్టి తేదీతో కనపడొచ్చు. సర్వర్ దృష్టిలో అవి ఇవాళే చేరాయి. రౌండ్‌క్యూబ్‌లో జాబితాను చేరిన తేదీ బదులు పంపిన తేదీ ప్రకారం పేర్చమంటే సరిపోయింది. మెయిల్ లోపలి అసలు తేదీ చెక్కు చెదరదు.

అన్నీ ఎక్కి, సైజులు సరిచూసుకున్నాకే పాస్‌వర్డ్ మార్చాను. పాత కంప్యూటర్‌లో ఖాతా తీసేశాను, ప్రోగ్రామునే తీసేశాను. కెమెరా కేబుల్ మళ్లీ గుచ్చాను.

సోమవారం, సాయంత్రం

పొద్దున 9:45 నుంచి 10 దాకా జాబితాలు చూస్తూ కూర్చున్నాను. ఇన్‌బాక్సులో ఒక్క ఫైలూ కదల్లేదు.

ఎవరికి వారికి వేరే మెయిల్‌బాక్సులు చేద్దాం, ఎగుమతుల చిరునామాకు వచ్చినవి అందరికీ కాపీ వెళ్లేలా పెడదాం, అప్పుడు ఒకరి పొరపాటు ఇంకొకరికి తగలదు అన్నాను. బాబాయ్ ఒప్పుకోలేదు. "అమ్మాయి జవాబిచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అదీ నిజమే. ఒకే పెట్టె ఉంటే జవాబిచ్చినట్టు బాణం గుర్తు అందరికీ కనపడుతుంది. అలాగే వదిలేశాం. కాకపోతే పాస్‌వర్డ్ ఏయే పరికరాల్లో ఉందో ఒక కాగితం మీద రాసి అకౌంటెంట్ గారి సొరుగులో పెట్టాం. కొత్త పరికరంలో పెట్టాలంటే ఆ కాగితంలో చేరాలి, పరికరం చేతులు మారేటప్పుడు ఖాతా తీసేశాకే ఇవ్వాలి. కాగితం మీద పరికరాల పేర్లే, పాస్‌వర్డ్ కాదు. మొదటి చిత్తుప్రతిలో అకౌంటెంట్ గారు అదీ రాసేశారు, చింపించాను.

సపోర్టులో పని తెలిసిన ఆ మనిషికి, పాస్‌వర్డ్ మార్చాక తప్పుడు లాగిన్లు ఏమైనా వస్తున్నాయా చూడమని రాశాను. ఒక ఐమ్యాప్ ప్రయత్నం పదే పదే విఫలమవుతోందని జవాబు. అడిగితే తేలింది, అకౌంటెంట్ గారి ఇంట్లో మనవడు ఆటలాడుకునే పాత ట్యాబ్. అందులోనూ ఖాతా ఉంది. కాగితం రాసేటప్పుడు ఆయనకు గుర్తు రాలేదు.

క్రాన్‌ని పదిహేను నిమిషాలకు సడలించి, పాత జాబితాలు వారానికోసారి చెరిపేసేలా పెట్టాను. మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చేదాకా నడవనిస్తాను. ఇవాళ్టి జాబితాల్లో కనపడిన కదలిక ఒక్కటే, మధ్యాహ్నం ఒక ఫైలు ఇన్‌బాక్సు నుంచి ఆర్కైవ్‌కు జరిగింది. బాబాయ్ ఫోన్ తీసుకుని, వేలు జరిపితే ఏం చేయాలి అన్న సెట్టింగ్‌లో ఏమీ చేయొద్దు అని పెట్టి ఇచ్చాను.